మిషన్లు నిదానంగా తిరగాలి!

పాఠకులారా, ఈ దేశం బాగుపడాలంటే మిషన్లన్నీ నిదానంగా తిరగాలి! కాదన్నవాడితో నేను వాదనకు సిద్ధం.

కర్నూల్లో ఒక ఐసు ఫ్యాక్టరీకి నేను మేనేజర్ని. బి.ఎ. ప్యాసయ్యాను, అదీ రెండోసారికే! చలికాలంలో ఐసు ఎవరికి కావాలి? అందుకని మిషను వేగం సగానికి తగ్గించమన్నాను. ఎన్ని లాభాలో చూడండి! బొగ్గు మిగిలింది. పక్కింటి పసిబిడ్డ నిద్రపోయింది. చప్పుడు లేక ఆఫీసులో నేనూ హాయిగా కునుకు తీశాను. స్వరాజ్యం వస్తే మాత్రం ఇంతకంటే ఏమొస్తుంది?

ఇంజను మిస్త్రీ పీర్ బాషా మాత్రం ఒప్పుకోలేదు.

"నూనె అడుగున ఉండాది సామీ. ఇరుసు జోరుగా తిరిగి చిమ్మితేనే పైన పిస్టనుకు అందేది. నిదానం చేస్తే పైనంతా ఎండిపోతాది."

"నిండా నూనె పోసినాం గదప్పా, ఇంక ఎండేదేంది?" అన్నాను. బి.ఎ. ఊరికే వస్తుందా! పైగా ఎదురు చెప్పాడని అతణ్ణి పనిలోంచి తీసేశాను. అతను డోన్ రైల్వే షెడ్డులో చేరాడు.

ఉగాదికల్లా పిస్టను బిగుసుకుపోయింది. ఇప్పుడు మిషను నిదానంగా కూడా తిరగడం లేదు. నా సిద్ధాంతానికి ఇంతకంటే ఘనవిజయం ఉంటుందా!

కాకపోతే, మొన్న మండుటెండల్లో మా ఆవిడ నాగలక్ష్మమ్మకు జ్వరం నూట అయిదుకు ఎక్కింది. తలమీద వెంటనే ఐసు పెట్టకపోతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. ఊళ్లో ఐసు ఎక్కడుంది?

"ఐసు ఫ్యాక్టరీ మేనేజరు పెండ్లాన్ని, ఐసు లేక చస్తాండా!" అని మూలిగింది ఆమె. నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది. సిగ్గు విడిచి, ఎక్కడైనా ఐసు సంపాదించి తెమ్మని పీర్ బాషాకు టెలిగ్రాం ఇచ్చాను.

మధ్యాహ్నం బండికి అతను, డోన్ స్టేషనులో సంపాదించి రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డతో దిగాడు.

"యాడ పెట్టాల సామీ?"

"తలమీద."

"ఎవరి తలమీద?" అన్నాడు, నవ్వకుండానే.

సాయంత్రానికి జ్వరం దిగింది. నేను అతని చేతులు పట్టుకుని, మళ్లీ పనికి రమ్మని బతిమాలాను.

"వస్తా సామీ. మీరు మాత్రం ఎప్పట్లాగే ఆఫీసులో కునుకు తీస్తాండాల."

ఒప్పుకున్నాను. కాబట్టి పాఠకులారా, నా మొదటి వాక్యానికి చిన్న సవరణ: నిదానంగా ఉండవలసింది మేనేజర్లు!