ఆపకూడని కారు

లెక్కల టీచరుకి ఆ రోజు పదింటికి ఇంటర్వ్యూ. పక్క పేటలోని ఈ బడిలో ఉద్యోగం దొరికితే రోజూ రెండు బస్సులు మారే అవస్థ తప్పుతుంది. ఈ పిలుపు కోసం ఆవిడ ఏళ్ల తరబడి ఎదురుచూసింది. భార్య దర్జాగా కార్లో దిగాలని భర్త పట్టుబట్టాడు. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసరు, ముందుజాగ్రత్త గురించి ఊరందరికీ చెప్పే మనిషి. ముందురోజు సాయంత్రమే కారు కడిగి, తుడిచి, లైట్లు వెలుగుతున్నాయో లేదో కూడా చూశాడు. చూసినవాడు ఆర్పడం మరిచిపోయాడు.

పొద్దున తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. లైట్ల సంగతి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. చలికి ఇంజను బిగుసుకుపోయిందన్నాడు. అప్పటికే ఆయన చొక్కా చెమటకి తడిసిపోయింది.

వీధందరికీ బాబాయి అయిన ఎదురింటి పెద్దాయన బ్యాటరీలని కలిపే కేబుళ్లతో సహా తన పాతకారు తెచ్చి, ముక్కుకి ముక్కు తగలకుండా ఎదురుగా నిలిపాడు. పెట్రోలు దండగని ఇంజను మాత్రం ఆపేశాడు. పిలిస్తే వచ్చిన పెద్దమనిషికి ఎదురు చెప్పడం మర్యాద కాదని ఆఫీసరూ ఊరుకున్నాడు. క్లిప్పులు తగిలించి తాళం తిప్పగా తిప్పగా, బాబాయిగారి బ్యాటరీ కూడా నీరసించి పడిపోయింది. ఇప్పుడు రెండు కార్లూ దొందూ దొందే. వాటి వెనక ఇరుక్కున్న చిన్న పాలవ్యాను హారను మోత మొదలుపెట్టింది.

అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న టీచరు ఫైలు పక్కనపెట్టి, కొంగు నడుముకి దోపి, కారుతో ఇచ్చిన సూచనల పుస్తకం తెరిచింది. బాబాయిగారి కారుని పక్కకి నెట్టించి, పాలవ్యాను డ్రైవరుని బతిమాలి వ్యానుని కారు దగ్గరికి తెప్పించి, రెండు బ్యాటరీల వోల్టులూ ఒకటేనని చూసుకుని, వ్యాను ఇంజను ఆపించింది.

"ఎర్ర క్లిప్పు ముందు మన ప్లస్‌కి, రెండోది వ్యాను ప్లస్‌కి. నల్లది వ్యాను మైనస్‌కి. ఆ చివరిది మన బ్యాటరీకి కాదండీ, దూరంగా ఇంజను ఇనుముకి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేచిందంటే మీ పాలసీలేవీ మనల్ని కాపాడవు."

వ్యాను ఇంజను కాసేపు నడిచాక కారు బుద్ధిగా స్టార్టయింది. క్లిప్పులు ఒకదానికొకటి తగలకుండా, పెట్టిన వరుసని తిరగేసి తీయించింది ఆవిడ. తానూ అలాగే చేద్దామనుకున్నానన్నాడు భర్త.

బడి ముందు దిగుతూ ఆవిడ గట్టిగా చెప్పింది. "నేను బయటికొచ్చేదాకా ఇంజను ఆపకండి. మళ్లీ ఆగితే నా వల్ల కాదు."

గేటు ముందు బండి నిలపకూడదన్నాడు వాచ్‌మన్. ఆఫీసరు బడి చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు. కొంతసేపటికి పెట్రోలు దీపం వెలిగింది. బంకుకి వెళితే, ఇంజను ఆపితేగాని పోయనన్నాడు అక్కడి మనిషి. భార్య మాట జవదాటలేక ఆయన ఒట్టి చేతులతో వెనక్కి వచ్చి మళ్లీ తిరగసాగాడు.

లోపల ఇంటర్వ్యూ సాఫీగానే సాగుతోంది. ఉన్నట్టుండి ప్రిన్సిపాలమ్మ కిటికీ వైపు చూసి, ఆ కారువాడెవడో బడి చుట్టూ తెగ తిరుగుతున్నాడని, పోలీసులకి చెప్పాలని ఫోను అందుకుంది. టీచరుకి తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం చేజారిపోయిందనే అనుకుంది.

"మావారండి," అంది మెల్లగా. ఇక దాచి లాభం లేదని పాలవ్యానుతో సహా అంతా చెప్పేసింది.

ప్రిన్సిపాలమ్మ ఫోను కిందపెట్టింది. ఆఖరి క్లిప్పు ఇనుముకే ఎందుకు పెట్టాలని అడిగి, జవాబు శ్రద్ధగా విన్నది.

"లెక్కలు చెప్పేవాళ్లు చాలామందే వచ్చారమ్మా. మా బడి బస్సు పొద్దున్నే మొరాయిస్తే దిక్కులు చూసేవాళ్లమే అందరం. ఉద్యోగం మీదే. బస్సుల ఇన్‌ఛార్జి కూడా మీరే."

టీచరు ఈ మాట ఆయనకి ముందు చెప్పాలని మెట్లు గబగబా దిగింది.

గేటుకి అడ్డంగా కారు నిలబడి ఉంది. భర్తా వాచ్‌మనూ వెనకనుంచి తోస్తున్నారు.

"నేను ఆపలేదు. పెట్రోలు అయిపోయి అదే ఆగింది," అన్నాడు భర్త. "బ్యాటరీ మాత్రం భేషుగ్గా ఉంది."

కొత్త ఇన్‌ఛార్జి చేతిలో పడ్డ మొదటి బండి అదే.