మలుపు దగ్గర ఎక్కువైన మాట

ఆ శనివారం పొద్దున కత్తెర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక్క బోర్డు పని ముగించుకుని, మధ్యాహ్నం బస్సెక్కి, చీకటి పడేలోపు కొండ మీద ఊళ్ళో ఉన్న భార్య దగ్గరికి చేరుకోవాలి. సంచీ రాత్రే సర్దుకున్నాడు, వస్తున్నట్టు ఆవిడకు మాత్రం చెప్పలేదు. అందులో రెండు జతల బట్టలు, ఆవిడ మరిచిపోయి వెళ్ళిన ఉన్ని శాలువా, కాడ విరిగితే బాగు చేయించిన ఆవిడ కళ్ళజోడు ఉన్నాయి. వానలకు విరిగిపడిన కొండదారిని ఆ రోజే మళ్ళీ తెరుస్తున్నారు. దారి మూసిన దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కత్తెర అన్నది రోడ్ల ఆఫీసులో అతనికి పెట్టిన పేరు. ఎదురుగా ఎవరూ అనరు కానీ, వినపడేంత దూరంలోనే అంటారు. దారి పక్కన పాతే బోర్డుల మీద ఏ మాటలుండాలో తేల్చడం అతని ఉద్యోగం. ఇంజనీరు గారు పంపిన పొడుగాటి వాక్యాల్లోంచి అక్కర్లేనివన్నీ కత్తిరించి, మిగిలిన రెండు మూడు మాటల్ని పెయింటరు చేతిలో పెట్టేవాడు. "బండి మీద పోయేవాడికి కథలు చెప్పకూడదు," అనేవాడు. ఆ రెండు మాటలు కూడా పొదుపుగానే అనేవాడు.

ఇంట్లోనూ అంతే. భార్య స్కూలు టీచరు. పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేది. మూత వెతుక్కుంటూ "ఇక్కడే పెట్టానే, కాళ్ళొచ్చి నడిచిపోయిందా ఏంటి," అని మూతతో మాట్లాడేది. పక్కింటివాళ్ళ కుక్క గురించి, పిల్లలు పరీక్షల్లో రాసిన వింత జవాబుల గురించి, చదివిన పేపర్లో పాత సామాన్ల ప్రకటనల గురించి చెప్పేది. కత్తెర "ఊఁ" అనేవాడు. ఆవిడకు హెడ్మిస్ట్రెస్‌గా కొండ మీదికి బదిలీ అయి బయల్దేరిన రోజున బస్టాండులో ఆవిడ బస్సు కిటికీ పక్క సీటులో కూర్చుని, అతని వంక చూస్తూ చాలాసేపు ఎదురుచూసింది.

"జాగ్రత్త," అన్నాడతను.

"ఇంకేమన్నా చెప్పాలా?"

కత్తెర ఆలోచించాడు. చెప్పాల్సింది గుండెల దాకా వచ్చింది, గొంతు దగ్గర వడపోతలో ఆగిపోయింది. "లేదు," అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇల్లు ఎంత నిశ్శబ్దంగా తయారైందంటే, కుళాయి కారితే పక్కగదిలోంచి లేచి వచ్చి చూసేవాడు, ఎవరైనా వచ్చారేమో అని. ఫోన్లో "తిన్నావా?" "తిన్నాను" అయ్యాక ఇద్దరూ ఫోన్లు చెవులకు ఆనించుకుని ఊరికే ఉండేవారు. ఒకరోజు మూత వెతుకుతూ "ఇక్కడే పెట్టానే" అని పైకి అనేసి, అన్నది తనే అని తెలిసి, గ్యాస్ ఆపేసి చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాడు.

ఆ శనివారం ఆఫీసుకి వెళ్ళేసరికి ఇంజనీరు గారి చిత్తుప్రతి టేబుల్ మీద ఉంది. కొండదారి మొదటి మలుపు దగ్గర పెట్టాల్సిన బోర్డు అది.

"సమస్త వాహనచోదకులకు తెలియజేయునది ఏమనగా, ముందు అత్యంత ప్రమాదభరితమైన మలుపు ఉన్నందున, మరియు సదరు రహదారి ఇటీవలనే మరమ్మతు కాబడినందున, తమ తమ వాహనములను నెమ్మదిగా నడుపుకొనుచు వెళ్ళవలసినదిగా కోరడమైనది."

"ఇది చదవడం అయ్యేలోపు లోయలో ఉంటాడు," అనుకుని కత్తెర పెన్ను తీశాడు. ఒక్కో మాట కొట్టేస్తూ పోయాడు. "మలుపు" మిగిలింది. "నెమ్మదిగా" మిగిలింది. ఇక "వెళ్ళండి" అని రాయాలి. రాస్తుండగా కళ్ళ ముందు ఆ బస్సు కిటికీ మెదిలింది. ఈ సాయంత్రం ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూస్తుంది, వెంటనే ఆదివారం సాయంత్రం వచ్చేస్తుంది, మళ్ళీ బయల్దేరాలి. అప్పుడైనా నోరు తెరిచి ఒక మంచి మాట అనాలి. అలా అనుకుంటూ కాగితం మడిచి పెయింటరు చేతిలో పెట్టాడు.

పెయింటరు అది విప్పి చూసి, ఒకసారి కత్తెర మొహంలోకి చూశాడు. "ఇవాళ సార్ మనసు బాగున్నట్టుంది," అన్నాడు.

"తొందరగా పాతించు. నాకు బస్సుంది."

పసుపు రేకు మీద నల్లటి అక్షరాలతో బోర్డు తయారై, మలుపు దగ్గర సిమెంటులో పాతుకుంది. దాని మీద ఇలా ఉంది: "మలుపు. నెమ్మదిగా వెళ్ళి రండి."

మలుపు దగ్గర కాపలాకి ఒక కానిస్టేబుల్‌ని వేశారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. రూలు కనపడితే సెల్యూట్ చేసే రకం. మొదట వచ్చిన లారీ డ్రైవరు బోర్డు చదివి, తల బయటికి పెట్టి అడిగాడు. "వెళ్ళి రమ్మంటున్నారు. ఎక్కడికి వెళ్ళి రావాలండీ?"

కానిస్టేబుల్ బోర్డుని పైనుంచి కిందికి చదివాడు. "మలుపు దాకా. రోడ్డు కొత్తగా వేశారు కదా, బరువు ఆగుతుందో లేదో చూడ్డానికి పెట్టుంటారు. నెమ్మదిగా వెళ్ళి, తిరిగొచ్చి నాకు చెప్పి, అప్పుడు పైకి వెళ్ళు."

లారీ వెళ్ళి వచ్చింది. "ఆగుతోంది," అని చెప్పి మళ్ళీ వెళ్ళింది. తర్వాత కారు వెళ్ళి వచ్చింది. పాల వ్యాను వెళ్ళి వచ్చింది. వెళ్ళేవాళ్ళూ, వచ్చేవాళ్ళూ, వచ్చి మళ్ళీ వెళ్ళేవాళ్ళూ కలిసి కాసేపట్లోనే ఆ మలుపు దగ్గర బండ్లన్నీ దారాల ఉండలా చిక్కుపడ్డాయి.

కత్తెర సంచీ భుజానికి తగిలించుకుని లేస్తుండగా ఇంజనీరు గారి ఫోను వచ్చింది.

"ఏమయ్యా, అదేం బోర్డు? వెళ్ళి రండి ఏంటి? నువ్వేమన్నా గుమ్మంలో నిలబడి చుట్టాల్ని సాగనంపుతున్నావా?"

"నేను వెళ్ళండి అనే రాశాను సార్," అంటూ, బోర్డు పాతించి వచ్చిన పెయింటరు దగ్గర కాగితం లాక్కుని చూశాడు. అతని చేతిరాతే. 'రండి' అన్న మాటని మిగతావాటికంటే గుండ్రంగా, ముద్దుగా రాశాడు కూడా.

"అడగొచ్చు కదయ్యా," అన్నాడు పెయింటరుతో.

"అడగడానికేముంది సార్? ఎవరినైనా వెళ్ళండి అంటే బాగుంటుందా? మర్యాదగా ఉందనుకున్నాను."

ఇద్దరూ స్కూటరెక్కి పరుగున వెళ్ళారు. దారిలో తెలిసింది, నల్లరంగు మొత్తం బోర్డుకే అయిపోయిందని. మిగిలింది పల్చటి ఎర్రరంగు డబ్బా ఒకటే. అది నలుపు మీద పూస్తే ఆగదు. పోనీ బోర్డే పీకేద్దామంటే కానిస్టేబుల్ అడ్డంగా నిలబడ్డాడు. "ప్రభుత్వ ఆస్తి. పీకాలంటే ఆర్డరు కావాలి. కావాలంటే ఇంకో మాట రాసుకోండి."

జీవితంలో మొదటిసారి కత్తెర ఒక బోర్డుకి మాటలు కలపాల్సి వచ్చింది. చాలా బాధపడుతూ కింద ఎర్రగా రాయించాడు: "రానక్కర్లేదు."

కానిస్టేబుల్ అది చదివి గంభీరంగా తలాడించాడు. ఎరుపంటే నిషేధమని అతనికి ట్రైనింగులో చెప్పారు. గబగబా మలుపు అవతలికి నడిచి, కొండ మీంచి దిగుతున్న మొదటి బస్సుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"రానక్కర్లేదని రాశారు. వెనక్కి తిప్పండి."

"ఎవరు రాశారు?" అన్నాడు బస్సు డ్రైవరు.

"పైవాళ్ళు."

"పైనుంచి వస్తోంది మేమే కదా! మేమెవరం రాయలేదే!"

వాళ్ళ వాదన ఇవతలికి వినపడుతోంది. కత్తెర పాల వ్యానువాడి దగ్గర అట్టపెట్టె అడిగి తీసుకుని, చింపి, ఎర్రరంగుతో తనే రాశాడు: "పైన రాసింది పట్టించుకోవద్దు." దాన్ని బోర్డు కింద తాడుతో కట్టాడు. ఇక గొడవ తీరినట్టే అనుకున్నాడు.

ఆ బోర్డు వెనకే ఇంకా పొడుగాటి కర్రకి, అన్నిటికంటే పైన కనపడేలా పాత బోర్డు ఇంకొకటి ఉందన్న సంగతి ఆ కంగారులో అతను చూడలేదు. దాని మీద "ఎదురు బండికి దారి ఇవ్వండి" అని ఉంది. ఎన్నో ఏళ్ళ క్రితం అతనే రాయించిన బోర్డు అది. దాన్ని కూడా పట్టించుకోవద్దన్నారని సంతోషించిన ఒక లారీ డ్రైవరు హారన్ కొట్టుకుంటూ మలుపులోకి దూరాడు. అటువైపు కానిస్టేబుల్‌ని తప్పించుకుని బస్సు కూడా దూరింది. రెండూ మలుపు నడిమధ్యలో ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా వచ్చి ఆగాయి. లారీ వెనక ఇంకో లారీ, దాని వెనక కార్లు, వాటి వెనక మధ్యాహ్నం కొండ మీదికి వెళ్ళాల్సిన బస్సు నిలిచిపోయాయి.

కత్తెర ఆ చివరి బస్సు వంక చూశాడు. అదే తను ఎక్కాల్సింది. పక్కనున్న రాతి మీద కూలబడ్డాడు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, శాలువా కొస బయటికి వస్తే లోపలికి తోశాడు. ఇంత దగ్గరికి వచ్చింది ఈ రోజు. తన చేత్తోనే అడ్డం వేసుకున్నాడు.

కొండ మీంచి వచ్చిన బస్సులోంచి విసిగిపోయిన జనం దిగి, నడుచుకుంటూ మలుపు ఇవతలికి వస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ బోర్డు దగ్గర ఆగి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, కళ్ళజోడు లేక కళ్ళు చికిలించి కూడబలుక్కుంటూ చదవసాగింది. "నెమ్మదిగా... వెళ్ళి... రండి. రానక్కర్లేదు. ఇదేం బోర్డు తల్లీ! రమ్మంటున్నారా, వద్దంటున్నారా? రాసినవాడికి పెళ్ళయిందా లేదా?"

ఆ గొంతు వినగానే కత్తెర లేచి నిలబడ్డాడు.

"నువ్వా?"

"మీరా? మీరిక్కడున్నారేంటి? నేను చెప్పకుండా వచ్చి ఇంట్లో కూర్చుని మిమ్మల్ని అదరగొడదామనుకున్నాను. ఎండలో నిలబడ్డారేంటి, టోపీ ఏది? ఏమిటిలా చిక్కిపోయారు? ఈ బోర్డు ఎవరు రాశారండీ, వాణ్ణి..."

పెయింటరు వేలితో కత్తెరని చూపించాడు.

"ఈయనా?" ఆవిడ నమ్మలేదు. "ఈయన ఒక మాట తీసేసే మనిషి. ఎక్కువ రాసే మనిషి కాదు."

చుట్టూ డ్రైవర్లు, ప్రయాణికులు, కానిస్టేబుల్ నిలబడి చూస్తున్నారు. కత్తెర గొంతు సవరించుకున్నాడు. "నీకే రాశాను," అన్నాడు. "కావాలని కాదు. ఆ రోజు బస్టాండులో వెళ్ళి రా అనాల్సింది. జాగ్రత్త అని ఊరుకున్నాను. అప్పట్నుంచి ఆ మాట లోపలే తిరుగుతోంది. ఇవాళ చేతిలోంచి జారింది. ఇల్లు బాగోలేదు. అంటే, బాగానే ఉంది, సున్నం కూడా వేయించాను, కానీ బాగోలేదు. పక్కింటి కుక్క రోజూ మన గుమ్మం వైపు చూస్తుంది. ఆ సంగతి ఫోన్లో చెప్దామని అనుకుంటాను, అంతలో నువ్వు తిన్నావా అని అడుగుతావు..."

అతను ఆగలేదు. ఆవిడ సంచీ కింద పెట్టి, నోట్లో కొంగు పెట్టుకుని వింటోంది. నవ్వుతోందో ఏడుస్తోందో పెయింటరుకి తెలియలేదు. కానిస్టేబుల్ మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ సమయంలో ఇంజనీరు గారు జీపు ఊరి చివరే వదిలేసి, నడిచి నడిచి, ఎర్రటి మొహంతో వచ్చి చేరారు. "ఊరంతా నవ్వుతోందయ్యా! నిన్ను ఇక్కడ ఉంచితే నన్నే మార్చేస్తారు. సోమవారం నుంచి కొండ మీద ఆఫీసులో ఉంటావు. ఇప్పుడే పైకి ఫోను చేసి చెప్పేశాను. ఇక మార్చేది లేదు."

కత్తెర మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించాడు. "చాలా సంతోషం సార్. మీ మేలు మరిచిపోలేను సార్. కొండ మీదే ఇల్లు కూడా ఉంది సార్, ఇబ్బందేం లేదు."

శిక్ష వేస్తే దండం పెట్టే మనిషిని ఇంజనీరు గారు అంతకుముందు చూడలేదు. అయోమయంగా టీచరు వైపు తిరిగారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"ఏవండీ," అంది మెల్లగా. "నాకు తిరిగి ఇక్కడికే బదిలీ అయింది. ఆ మాట చెప్దామనే దారి తెరవగానే పరిగెత్తుకొచ్చాను. సోమవారమే చేరాలి."

దూరంగా ఎక్కడో హారన్ మోగి ఆగిపోయింది. ఇంజనీరు గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. "పైకి చెప్పేశాను కదయ్యా. నా చేతుల్లో లేదిప్పుడు. ఒక అర్జీ పెట్టుకో, చూద్దాం," అని, ఆ ఇద్దరి వంకా చూడలేక లారీ డ్రైవర్ల మీద అరవడానికి వెళ్ళారు.

కొండ మీదికి వెళ్ళాల్సిన బస్సు ఖాళీగా నిలబడి ఉంది. ఇద్దరూ ఎక్కి వెనక సీటులో కూర్చున్నారు. ఈసారి కిటికీకి ఇటువైపే ఇద్దరూ. అతను శాలువా, కళ్ళజోడు తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అతని చొక్కా బొత్తాన్ని, గడ్డంలో నెరిసిన వెంట్రుకల్ని, ఒక్కొక్కటిగా చూసి ఒక్కొక్క దాని గురించీ మాట్లాడింది. అతను కూడా మాట్లాడాడు. ముందు లారీ వెనక్కి జరగడానికి అవస్థ పడుతోంది. దారిన బండ్లు సాఫీగా సాగేలా బోర్డులు రాయించడమే ఉద్యోగంగా బతికిన కత్తెర, ఆ లారీ ఇంకాసేపు అలాగే ఇరుక్కుని ఉంటే బాగుండునని మనసారా కోరుకున్నాడు. సాయంత్రపు ఎండ సీటు మీదికి జారేదాకా అది ఇరుక్కునే ఉంది.

సోమవారం అతను పైకి వెళ్ళాడు, ఆవిడ కింద ఉండిపోయింది. కొండ మీద గదిలో కూర్చుని, ఇల్లు, గుమ్మం, మూతలు, కుక్క, ఏదీ వదలకుండా నిండా నాలుగు పేజీల అర్జీ రాసి పంపాడు.

ఇంజనీరు గారు దాన్ని, అనవసరమైన మాటలు తీసేసి మళ్ళీ పంపవలసిందిగా రాసి, తిప్పి పంపారు.