కాళ్లకు చోటు

ఆదివారం పొద్దున్నే ప్రవళిక పులిహోర డబ్బాలో సర్ది, చిన్నారి కూతురు చిన్నుకు ఉన్ని టోపీ పెట్టింది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా సొంత కారులో పోయి రావాలని ఆలోచన. ఆమె భర్త రాజేందర్ హైటెక్ సిటీలో ఒక కంపెనీ డ్రైవరు. లోకాన్నంతా తిప్పుతాడు గానీ, భార్యను ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకున్నది లేదు. ఆ పక్క సీటు మీదే ఆమె ప్రాణమంతా.

కారంటే షోరూములోది కాదు. తుక్కు దుకాణాల్లో ముక్కముక్కా ఏరుకొచ్చి, ఇంటి ముందు రేకుల కింద రాజేందర్ స్వయంగా కట్టింది. అన్నిటికన్నా సతాయించింది స్టీరింగ్ ర్యాక్. అంటే, స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లను పక్కకు నెట్టే కడ్డీ. జీపుది పొడవైంది. చిన్న కారుది అచ్చంగా సరిపోయింది, ప్రవళిక సీట్లో కూర్చుని చూసేదాకా. కాళ్లు పెట్టే చోట కడ్డీ అడ్డమొచ్చి, మోకాళ్లు గడ్డం దాకా లేచాయి.

“ఓ చిన్ను నాయినా, మోకాళ్లు గదుమకు తగులుతున్నయ్. పోరిని ఏడ కూసోబెట్టుకోవాలె?”

“గంతేనా? ర్యాక్ జర ముందటికి జరుపుత. ఫికర్ చెయ్యకు.”

ఇరుసు వెనక ఉన్న కడ్డీని ముందుకు తెచ్చాడు. దానికి తగ్గట్టు టైర్ల కొక్కేలనూ ముందువైపుకు మార్చి బిగించాడు. స్టీరింగ్ తిప్పితే టైర్లు తిరిగాయి. ఎటు తిరిగాయో ఎవరూ చూడలేదు.

ఆ ఆదివారం నిమ్మకాయలు తొక్కించి బయలుదేరారు. సందు చివర రాజేందర్ కుడికి తిప్పాడు. కారు ఎడమకు పోయి, అదే సందులో ఉండే లింగయ్య బిడ్డ పెళ్లి పందిట్లో దూరింది. పెళ్లికొడుకు వచ్చాడనుకుని బ్యాండువాళ్లు అందుకున్నారు. లింగయ్య భార్య కొమురమ్మ హారతి పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది. ఆమెను తప్పించబోయి తిప్పితే బండి పప్పు ఉడుకుతున్న గంజును గుద్దింది. వెనక్కి తీస్తే గుంజ ఊడి, పందిరి బట్ట కారు మీద కూలింది.

“పెండ్లికి పిలిస్తే నడిసి రావాలె గాని, పందిరి కప్పుకపోనీకి వచ్చినవారా?” అన్నాడు లింగయ్య.

“నేను కుడికే తిప్పిన మామా!”

“బండి నీ మాట వినకపోతే, నా పప్పేం జేసింది? పిల్లగాని తరఫోళ్లు వస్తున్నరు, జల్ది తియ్యి!”

అసలు సంగతి అప్పుడు తెలిసింది. కడ్డీ ఇరుసు ముందుకు రావడంతో టైర్లు ఎదురు దిక్కుకు తిరుగుతున్నాయి; ఎటు పోవాలంటే దానికి ఎదురు తిప్పాలి. కానీ ఏళ్ల అలవాటున్న చేతులు. జనం పందిరి బట్ట లాగేశాక రాజేందర్ మళ్లీ తిప్పాడు, ఈసారి కుర్చీల మీదికి.

“దిగు,” అంది ప్రవళిక. “నాకు డ్రైవింగే రాదు. ఇగ అలవాటు ఏడికెళ్లి వస్తది?”

రాజేందర్ చిన్నును ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. అతనే గేరు వేశాడు, అతను చెప్పినప్పుడు ఆమె క్లచ్ వదిలింది. కుడికి పోవాలని ఎడమకు తిప్పింది. బండి బుద్ధిగా పందిరి దాటి రోడ్డెక్కింది.

“ఇగ ఆపు. ఇంటికి నూక్కపోదం,” అన్నాడు రాజేందర్.

“ఎందుకు? నువ్వు పక్కనున్నవు గద.”

గచ్చిబౌలి దారిలో సైకిళ్లు కూడా వాళ్లను దాటిపోయాయి. ప్రవళికకు తొందరేమీ లేదు.