ఆళ్లగడ్డ రాయి మీద అర్జీల పట్టిక

"నేటి నుంచి నంద్యాలలో పెండింగ్ అర్జీ అనే మాటే ఉండదు" అని ప్రత్యేకాధికారి వినయ్‌గారు సోమవారం పొద్దున ప్రకటించారు. కలెక్టరేట్ గేటు దగ్గర మూడు వందల మంది, చేతిలో అర్జీలతోనే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ గేటు పక్కన స్టూలేసుకుని అర్జీలు రాసి బతికేవాణ్ణి నేను. నా ఆనందం మీరే ఊహించుకోండి.

సంగతేమిటంటే, సారు కంప్యూటర్‌లో ఒక ఏఐ ఏజెంటుకు అర్జీల పట్టిక వేసే స్కిల్ నేర్పారు. ఒక్కసారి నేర్పితే చాలు, ఆ తర్వాత ఎన్ని అర్జీలు పోసినా పట్టిక దించేస్తుంది. పేరు, ఊరు, సమస్య, పరిష్కారం. నమూనా చూపించాలి కదా? పోయినేడు మంత్రిగారి పర్యటన కోసం వండిన ఫైలు చూపించారు. అందులో నాలుగో కాలమ్ నిండా ఒకటే మాట, "పరిష్కరించబడినది". పాపం, అది చూసింది చూసినట్టే నేర్చుకుంది.

ఆళ్లగడ్డ నుంచి ఉమామహేశ్వరమ్మ వచ్చింది. రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు ఆమెది. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఇరవై రోజులైంది. రాయి కోసే మిషను మూగనోము పట్టింది. నెలాఖరుకు పాములపాడు గుడికి ఆంజనేయస్వామిని అప్పజెప్పాలి.

"ముహూర్తం దాటితే ఆర్డరూ పాయె, షెడ్డూ పాయె. గట్టిగా రాయన్నా" అంది. నా చేతనైనంత దీనంగా రాసి, ఆమె వెంట లోపలికి వెళ్లాను.

మూడు నిమిషాల్లో పట్టిక వచ్చింది.

"నీ పని అయిపోయిందమ్మా" అన్నారు సారు, స్క్రీన్ ఇటు తిప్పి.

"యాడయింది సార్? పొద్దున గూడా చూసొస్తి. మాడిపోయి ఆడనే ఉండాది."

"ఫార్మాట్ చూడమ్మా, ఎంత నీటుగా ఉందో!"

"నీటుగానే ఉండాది. కరెంటే లేదు."

"కరెంటుకు కాలమ్ లేదు."

ఆమె మొండిది. ఇంకో రెండు సోమవారాలు వచ్చి రెండు అర్జీలు ఇచ్చింది. రెండూ పరిష్కారమయ్యాయి. ఒకే వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌ను మూడుసార్లు బాగుచేసిన అధికారి మన రాష్ట్రంలో ఇంకొకరుంటే చూపించండి!

మంత్రిగారు మురిసిపోయారు. ఈ పట్టికను రాతి మీద చెక్కించి ఆళ్లగడ్డలోనే ఆవిష్కరిద్దామన్నారు. ఆర్డరు ఎవరికి వస్తుంది? ఉమామహేశ్వరమ్మకే వచ్చింది. వారం గడువు.

"స్వామి పని సగంలో ఉండాది సార్" అంది.

"స్వామి ఆగుతాడు. మంత్రిగారు ఆగరు" అన్నారు వినయ్‌గారు.

మిషను తిరగదు కాబట్టి ఉలి, సుత్తి పట్టింది. వారం రోజులు చేతులు బొబ్బలెక్కేలా చెక్కింది. తన మూడు వరుసలూ తనే చెక్కింది. చూసి నాకు ఏడుపొచ్చింది, అక్షరాలు అంత గుండ్రంగా ఉన్నాయి. షెడ్డు ముందే పలక నిలబెట్టారు. మంత్రిగారు జనరేటర్ పెట్టించుకుని మైకులో గంటసేపు మాట్లాడి, తెర లాగి, జనరేటర్‌తో సహా వెళ్లిపోయారు. పాములపాడు వాళ్లు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, విగ్రహం వేరేచోట తెచ్చుకుంటామన్నారు.

మర్నాడు లారీతో కరెంటాఫీసు ఇంజినీరు ఒకడు దిగాడు. "పట్టిక ప్రకారం ఈ వీధిలో బాగైన ట్రాన్స్‌ఫార్మర్లు మూడు ఉండాయంట. నందికొట్కూరు పక్క ఒక్కటీ లేదు. రెండు తీసకపోతాం" అన్నాడు. స్తంభం పైకి చూశాడు. కాలినది ఒక్కటే కనిపించింది.

"మిగతా రెండూ యాడికి అమ్మినావమ్మా?"

"మూడని ఎవురు చెప్పినారు సార్?"

ఆయన పలక మీద వేలు పెట్టి మూడు వరుసలూ లెక్కపెట్టాడు.

"ఇది ఎవురు చెక్కినారు?"

"నేనే సార్" అంది ఉమామహేశ్వరమ్మ.

నిందితురాలు ఒప్పుకున్నదని ఆయన అక్కడికక్కడే రాసుకున్నాడు.