యంత్రభటుని ‘అండీ’ని కాపాడిన మహాసమరము

ముసురు పట్టిన ఆగస్టు మాసమున, మనీలా మహానగరపు ఉత్తరపు కొసను, జీప్నీల హారన్లు చొరబడకుండ గోడలనిండ కోడిగుడ్ల అట్టలు కొట్టించిన ఒకానొక డబ్బింగు గదియందు, సకలగ్రహమండల విధ్వంసకుడును, సప్తఖలనాయక సంహారియును, తొమ్మిదేండ్ల టీవీ సీరియలులోని యాబదిరెండు వారముల కథను నూటయైదు నిమిషముల సినిమాగా కుదింప కంకణము కట్టుకొన్నవాడును అగు దర్శకశిఖామణి క్రిసాంతో, చేతిలోని నూడుల్సు పొట్లమును సైతము మరచి, నెత్తి పట్టుకొని కూలబడెను. వినండి నాయనలారా, అరసెకనుకై జరిగిన ఘోరయుద్ధమిది. తొందరపడకండి, అంతా నాకు గుర్తే.

మూడు గ్రహములను కోసెను. ఏడుగురు దుర్మార్గులను ఒక్క దుర్మార్గునిగా కుట్టెను. అంతరిక్షనౌక కెప్టెనుగారి పెండ్లిని కూడ ఎత్తివేసెను, పాపం పెండ్లికూతురు వేషమేసిన పిల్ల ఎంత ఏడ్చిందో! అయినను సినిమా ఇంకను ఒక నిమిషము ముప్పది ఎనిమిది సెకన్లు ఎక్కువే యుండెను.

అంతట కర్తరీహస్తయు, సహస్రచ్ఛేదినియు అగు ఎడిటరు ఫ్లోర్దెలీసా తలయెత్తి, “దొరికింది, దిరెక్!” అని సినిమావాళ్ళ వాడుకలో డైరెక్టరును కేక వేసెను.

“ఏంటి దొరికింది?”

“తింగ్‌తింగ్ అండీలు.”

తింగ్‌తింగ్ అనగా నౌకలోని రేకు మరమనిషి. నెత్తిన కొమ్ములకు బదులు రెండు చీపురుపుల్లలు. నోటికి బదులు మాటాడినపుడు వెలుగు ఎర్రబల్బు. అందరికీ అండీ అనును. శత్రువును సైతము, “క్షమించాలి, కాలుస్తున్నానండీ” అని చెప్పియే కాల్చును. దాని పుణ్యమా అని ఊళ్ళో పిల్లలకు మర్యాద వచ్చింది, అబద్ధమెందుకు.

“రెండువందల పద్నాలుగు అండీలు,” అన్నది ఆమె. “ఒక్కోటి పదకొండు ఫ్రేములు, అరసెకను కూడా కాదు. అన్నీ తీసేస్తే సరిగ్గా మన నిమిషం ముప్పై ఎనిమిది.”

క్రిసాంతో లేచి గంతు వేసెను. కాని ఆ బల్బు వెనుకనున్న గొంతు, తొమ్మిదేండ్లుగా తన ముఖము లోకమునకు చూపని మహానుభావుడు, డెబ్బది దాటిన మాంగ్ హెర్మో, అనగా హెర్మో పెద్దాయన, అప్పుడే గొడుగు మూయుచు తలుపున ప్రవేశించెను.

“ఉత్త ‘అవును’ అంటే చాలండీ,” అని ఇద్దరును బతిమాలిరి. పెద్దాయన మైకు ముందు నిలిచి, ఊపిరి బిగించి, “అవు... నండీ” అనెను. మరల, “అవునండీ.” పదునేడు పర్యాయములు నోరు మొరాయించెను.

క్రిసాంతో చెమట తుడుచుకొని, “రేడియోలో ఒక కుర్రవాడున్నాడండీ, మీ గొంతు అచ్చంగా దింపేస్తాడు,” అని గొణిగెను.

తొమ్మిదేండ్ల ప్రాణము ఒక మాటలో పోవుటయన్న అదియే.

మాంగ్ హెర్మో కళ్ళజోడు తీసి తుడుచుకొని, “సరే. ఒక్క పందెం,” అనెను. “నన్ను అండీ లేకుండా ఒక్కసారి పలకరించు. ‘హెర్మో, నువ్వు పో’ అను, చాలు. అన్నావంటే ఆ కుర్రాణ్ణి నేనే పిలుచుకొస్తా.”

“అదెంత పనండీ!”

“ఒకటి,” అన్నది ఫ్లోర్దెలీసా.

“ఇంకా మొదలుపెట్టలేదండీ!”

“రెండు. పైగా నాకు కూడా అండీయా, దిరెక్?”

అప్పుడు గ్రహాంతకుడగు ఆ వీరుడు బెల్టు బిగించి, ఛాతీ విరిచి, “హె... హెర్మో!” అని గర్జించెను. అట్టలు అదిరెను. “నువ్వు...” అని అంటుండగానే కనుల ముందు, బతాంగస్ ఊరిలో పెద్దలను నువ్వన్నపుడెల్ల ఎగిరివచ్చిన తల్లిగారి రబ్బరు చెప్పు గిర్రున తిరుగుచు ప్రత్యక్షమాయెను. నాలుక మడతపడెను. “నువ్వు... పో... పోతారా అండీ?”

ఫ్లోర్దెలీసా నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయింది. పెద్దాయన మాత్రము నవ్వలేదు.

“చూశావా? నీకే రాలేదే, ఆ రేకుడబ్బాకెలా వస్తుందయ్యా? దాన్ని పెంచింది నేను.”

“ఓడిపోయానండీ,” అని క్రిసాంతో చేతులు జోడించెను. “మీరే చెప్పాలి, ఇంకెవరూ వద్దు. కానీ హాలువాళ్ళు వినరండీ. నూటయైదు దాటితే రోజుకో ఆట పోతుందని అసలు సినిమానే వద్దంటున్నారు.”

పరాజితుని దుఃఖము చూచి పెద్దాయన మనసు కరిగెను. “నేను అన్నీ నా అలవాటుగానే అంటా. అమ్మాయి కోసుకోనీ. ఒక్కటి మాత్రం ఉంచు.”

“ఒక్కదానికి కూడా చోటు లేదండీ!”

“ఉంది,” అన్నది కత్తెరధారిణి. “టైటిల్సులో మీ పేరు మెరుస్తూ తిరిగేచోట.”

క్రిసాంతో గుండె పట్టుకొనెను. “నా పేరులోంచా?” వ్రేళ్ళు మడిచి ఫ్రేములు లెక్కపెట్టెను. “పదకొండే. పన్నెండోదాని జోలికొచ్చావో, చూడు!”

క్రిస్మసునాటి తొలి ఆటలో నేను వెనక బెంచీలో ఉన్నాను. తింగ్‌తింగ్ “అవును” అనగానే పిల్లలు ఒకరి ముఖమొకరు చూసుకొన్నారు. రెండోసారికి హాలు హాలంతా, “అండీ!” అని అందించెను. రెండువందల పదమూడవ మారు వరకు అంతే. చివరకు మండుచున్న నౌకలో అది ఒక్కటే మిగిలెను. “భయంగా లేదా?” అని కెప్టెను రేడియోలో అడిగెను. ఎర్రబల్బు వెలిగెను.

“ఉందండీ.”

ఈసారి ఎవ్వరూ అందించలేదు. అవసరం రాలేదు.

దిక్కులారా, సముద్రములారా, సాక్ష్యము పలుకుడు! వాక్కులే ఆయుధముగా, దర్శకగర్వాపహారియై, వీరాగ్రణి హెర్మో శత్రుమండలమునుండి పదకొండు ఫ్రేముల రాజ్యమును గెలిచి శాశ్వతముగా ఏలెను. ఆ ఫిల్ము ముక్కను నేను చేత్తో కొలిచి చూశాను: జానెడుకు ఒక వేలు తక్కువ.