కొలనూరు ఉరఫ్ కొలోన్ నగర చరిత్ర

జర్మనీలోని కొలోన్ నగరాన్ని స్థాపించింది తెలుగువారేనని దోహా తెలుగు మిత్రమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ నగరవాసులకు ఈ సంగతి ఇంకా తెలియపరచలేదు.

పరిశోధకుడు ఆనందరావు. కాకినాడ మనిషి. చమురు ధర ఆకాశానికెక్కి, దోహాలో ఇసుక కనబడ్డ చోటల్లా పునాదులు తవ్వుతున్న ఆ రోజుల్లో ఓ కట్టడాల కంపెనీలో ఆఫీసు మేనేజరు. నెలాఖరుకి అతని కాంట్రాక్టు ముగుస్తోంది. దాన్ని పొడిగించవలసిన కొత్త జనరల్ మేనేజరు కొలోన్ నుంచి దిగాడు. ఆనందరావుకి చరిత్ర మీద ప్రేమ పుట్టింది సరిగ్గా అప్పుడే.

దోహాలోని ముషైరిబ్ బజారులో ఓ పాత చరిత్ర పుస్తకం కొన్నాడు. రెండు వేల ఏళ్ళ కిందట రైన్ నది ఒడ్డున రోమన్లు ఆ ఊరు కట్టి ‘కొలోనియా’ అన్నారని అందులో ఉంది. ఆనందరావు జాలిగా నవ్వుకున్నాడు. అది కొలనూరు, రోమన్లకి నోరు తిరగలేదు. మధ్యయుగాల్లో అక్కడికి ముగ్గురు రాజుల అస్థికలు తెచ్చుకున్నారట. అస్థికలు మోసుకుపోయే అలవాటు ఎవరిది? వాటి కోసం పదమూడో శతాబ్దంలో పెద్ద చర్చి మొదలెట్టారట. అప్పుడు ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్నాడు. కాబట్టి శిల్పులు మనవాళ్ళే.

“ఇంత తిప్పలెందుకండీ? కాంట్రాక్టు పొడిగించమని ఆయన్నే అడగొచ్చుగా?” అంది భార్య అనంతలక్ష్మి. పరిశోధకులకి ఇంట్లో ప్రోత్సాహం తక్కువ.

అయితే ఆ తెలుగువారు కొల్లేరు నుంచి వెళ్ళారా, కొలనుపాక నుంచి పోయిండ్రా అన్న దగ్గర మిత్రమండలి రెండుగా చీలింది. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒకే మేడలో, పై అంతస్తులో ఒక వర్గమూ కింది అంతస్తులో ఇంకో వర్గమూ ఆ జర్మన్ దొరగారికి సన్మానం చేశారు. ఆయన రెండు శాలువాలూ కప్పించుకుని, ఓపిగ్గా అంతా విని లేచాడు.

“ఆ చర్చి పూర్తవడానికి ఆరువందల ఏళ్ళు దాటింది. ఉమ్ ఘువైలినా పేటలో మన కంపెనీ కడుతున్న భవనం ఎందుకు ఆలస్యమవుతోందో నాకు ఇవాళ అర్థమయింది.”

ఆ ఇంగ్లీషు అర్థమయ్యేదాకా చప్పట్లు మోగాయి.

మర్నాడు పనివాళ్ళుండే క్యాంపులో నోటీసు వెలసింది: వంశపారంపర్యమైన జాప్యమును నివారించుటకై తెలుగు మేస్త్రీలకు శుక్రవారపు సెలవు రద్దు చేయడమైనది. ఆనందరావు కాంట్రాక్టు కూడా పరిశీలనలో పడింది.

మేస్త్రీ లింబాద్రి ఆఫీసుకి వచ్చాడు.

“సారూ, గా గుడి మా తాతలు కట్టిండ్రని మీకెవలు జెప్పిండ్రు? సిమెంటు టైముకు రాలే, గందుకే బిల్డింగ్ లేటయింది. జుమ్మా ఒక్కనాడు నడుం వాలుస్తం. గది గుడ మాఫీ, లేదు పో అంటే ఎట్ల?”

“చరిత్రని ఆవేశంతో చూడకూడదయ్యా,” అన్నాడు ఆనందరావు. అతని గుండె మాత్రం పరిశీలనలో పడ్డ కాంట్రాక్టు దగ్గరే కొట్టుకుంటోంది.

ఆ సాయంత్రమే రెండు మండళ్ళూ కౌగిలించుకుని ఒకటయ్యాయి. ఊరు స్థాపించినది తెలుగువారే గాని, చర్చి కట్టినది పొరుగు రాష్ట్రమువారని పునఃపరిశోధనలో తేలినట్టు దొరగారికి తీర్మానం అందజేశాయి. దొరగారు నవ్వాడు. ఆనందరావు కాంట్రాక్టు పొడిగించాడు.

“మరి మేస్త్రీల సెలవు తిరిగి ఇచ్చేద్దామా?” అని కూడా అడిగాడు.

ఆనందరావు కొంచెం ఆలోచించాడు. “వాళ్ళకి అలవాటయిపోయిందండి,” అన్నాడు.

ఆ వారమే మిత్రమండలి ‘తెలుగువారి ఐకమత్యం’ మీద మహాసభ జరిపింది. శుక్రవారం కావడంతో అందరికీ వీలయింది.