కంటాసుపత్రి అక్షరాల సోకు

కనబడని అక్షరమే కంటికి మేలు చేస్తుంది! నవ్వకండి. మా వీధి చివరి కంటాసుపత్రి బోర్డులన్నీ కొత్త ఫాంటులోకి మారినప్పటి నుంచి నాది ఇదే మాట.

ఆ ఫాంటును చూసి తీరాలి. అంటే, చూడగలిగితే. లావు గీతలు గుమ్మడికాయలంత లావు, సన్న గీతలు సాలెపోగంత సన్నం. సెరిఫ్‌లు, అంటే అక్షరాల చివర ఉండే బుల్లి తోకలు, అసలే లేవు. నున్నగా గొరిగి వదిలేశారు. గోడంత సైజులో ఉంటే, నిజం చెప్పాలి, కళ్లు తిప్పుకోలేం. అదే ఫాంటు సెంటు ప్రకటన మీద ఉంటే సీసా కొనకుండా ఇంటికి రాలేం. బెత్తెడు బోర్డు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేస్తే మాత్రం తలకట్లు పోతాయి, గుడులు పోతాయి, ఉత్త పొట్టలు మిగులుతాయి.

అయితే నష్టమేమిటట? ఏ గది ఎక్కడుందో తెలియక రోగులు అన్ని అంతస్తులూ తిరుగుతున్నారు. డబ్బివ్వకుండా ఇంత వ్యాయామం ఎక్కడ దొరుకుతుంది? మరుగుదొడ్ల ముందు ఆడా మగా కలిసి నిలబడి, లోపలి నుంచి ఎవరొస్తారా అని ఓపిగ్గా చూస్తున్నారు. పక్కవాడి ముఖం చూడని ఈ రోజుల్లో ఎంత స్నేహం! లిఫ్టు వెతుకుతూ పరిచయమైన ఇద్దరు పెద్దమనుషులు ఏకంగా వియ్యంకులయ్యారు.

మొన్న చూపు పరీక్ష చార్టునూ ఆ ఫాంటులోకే మార్చేశారు.

మా పిన్ని బట్టలు కుడుతుంది. శుక్లం ఆపరేషన్ అయ్యాక లోకాన్ని ఉతికి ఆరేసినట్టుందని మురిసిపోయింది. చెకప్‌కు నేనే తీసుకెళ్లాను. మొదటి వరుసలోనే తడబడింది. డాక్టరుగారు విచారంగా తల ఊపి, ఆపరేషన్ కుదరలేదు, మళ్లీ చెయ్యాలన్నారు. పిన్ని ముఖం పాలిపోయింది. ఆ కళ్లే కదా ఆవిడకు కూడు పెట్టేవి. అనుమానమొచ్చి నేను కూర్చున్నాను, నాకూ ఆపరేషన్ రాశారు. అటెండరును కూర్చోబెట్టాను, అతనికీ రాశారు. ఒక్క ఫాంటు ఎన్ని దాగిన జబ్బులు బయటపెట్టిందో చూశారా!

అంతలో ఆ ఫాంటు గీసిన డిజైనరే కళ్లు చూపించుకోవడానికి వచ్చాడు. చార్టు వైపు కళ్లు చికిలించి చికిలించి, ఇది దూరం నుంచి చదవడానికి గీసింది కాదండీ అన్నాడు. డాక్టరుగారు తెగ నొచ్చుకున్నారు. వెంటనే పాత చార్టు దింపించి, దుమ్ము దులిపి తగిలించారు. డిజైనరు చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. చూపు భేషుగ్గా ఉందని కాఫీ ఇచ్చి పంపారు.

"ఆ పాతది నాకూ ఒకసారి చూపిస్తారా, డాక్టరుగారూ?" పిన్ని మెల్లగా అడిగింది.

"రోగులకు కొత్తదేనమ్మా," అంటూ ఆయన పాతదాన్ని చుట్టచుట్టి అటకెక్కించారు.

కాబట్టి పాఠకులారా, ఫాంటును ఒక్క మాట అనకండి. డిజైనరుకు కనబడకపోతే చార్టు దోషం, మనకు కనబడకపోతే కంటి దోషం. పిన్నికి రెండో ఆపరేషన్ ఈ వారంలోనే. ఈలోగా గుమ్మంలో కూర్చుని నా చొక్కాకు గుండీలు కుడుతోంది. సూదిలో దారం తనే ఎక్కించుకుంది, ఒక్కసారికే.